రీఫండ్ సంగతి చెప్పేవారు సుంకం సంగతి కూడా చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

వేసవి సెలవులు దగ్గర పడుతున్నందున తిరుపతిలోనూ చిత్తూరులోనూ విదేశీ యాత్రల కరపత్రాలు మళ్లీ ఇంటింటికీ వస్తున్నాయి. ఈ వారం మా వీధిలో పంచిన ఒక కరపత్రంలో ‘మీరు కొన్న ఖరీదైన వస్తువులపై పన్ను వాపసు’ అన్న మాటను పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. అదే వస్తువుతో స్వదేశంలో దిగినప్పుడు కస్టమ్స్ సుంకం కట్టవలసి ఉంటుందన్న మాట మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. అలాంటి ఒక ప్రకటనను నమ్మి రెండు వైపులా నష్టపోయినవాడిని కనుక, నాకు జరిగినదాన్ని మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

2024 జూన్‌లో నేనూ నా భార్యా ఒక ట్రావెల్ ఏజెన్సీ ద్వారా పారిస్, స్విట్జర్లాండ్ చూసి వచ్చాము. ఆ ఏడాదే మా చిన్నమ్మాయి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుక్కి వాచీ పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ కదా, పారిస్ వెళుతున్నాము కనుక అక్కడే ఒక మంచి వాచీ తీసుకుందామని నా భార్య అన్నది. ఏజెన్సీ మనిషి కూడా ‘పన్ను తిరిగి ఇచ్చేస్తారు సార్, మన దగ్గరకంటే చవక’ అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పదవీ విరమణ సొమ్ములోంచి 2,400 యూరోలు పెట్టి వాచీ కొన్నాను. యూరోను సుమారు 90 రూపాయలుగా లెక్కిస్తే అది 2 లక్షల 16 వేల రూపాయలు.

ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పినవాడిని. అందుచేత ఆ పన్ను లెక్కను మొదట వివరిస్తాను. ఫ్రాన్స్‌లో వ్యాట్ 20 శాతం, అది బిల్లు ధరలోనే కలిసి ఉంటుంది. అంటే 2,400 యూరోల్లో అసలు ధర 2,000, పన్ను 400. ఐరోపా సమాఖ్య వెలుపల నివసించే ప్రయాణికుడు ఒక దుకాణంలో 100 యూరోలకు మించి కొని, ఆ సరుకును కొన్న నెల తర్వాతి మూడో నెల ముగిసేలోపు ఐరోపా సమాఖ్య దాటిస్తే ఆ పన్నును వాపసు కోరవచ్చు. అయితే ఈ వ్యవహారం నడిపే మధ్యవర్తి సంస్థలు తమ రుసుము మినహాయించుకుంటాయి కనుక చేతికి వచ్చేది 400 కాదు, ధరలో 12 శాతం దగ్గర ఆగుతుంది. మేము కొన్న దుకాణ సముదాయంలోనే ఒక కౌంటరు ఉంది. అక్కడ పాస్‌పోర్టులు చూసి, ఫారం నింపి, రుసుములు పోను 280 యూరోలు నగదుగా లెక్కపెట్టి ఇచ్చారు, హామీగా మా అబ్బాయి క్రెడిట్ కార్డు వివరాలు రాసుకున్నారు. ఫారాన్ని ఒక పొడవాటి కవరులో పెట్టి, దేశం విడిచేటప్పుడు కస్టమ్స్ ముద్ర వేయించుకోమని చెప్పారు. పాతికవేల రూపాయలు మిగిలాయని ఆ రాత్రి నా భార్య ఎంతో సంతోషించింది.

‘దేశం విడిచేటప్పుడు’ అన్న ఆ మాట దగ్గరే మేము దెబ్బతిన్నాము. మా తిరుగు విమానం జూరిచ్ నుంచి. పారిస్‌లో బస్సెక్కి స్విట్జర్లాండ్ చేరాము. సరిహద్దు దాటుతున్నప్పుడు బస్సులో సగంమంది నిద్రలో ఉన్నారు, మా వెంట ఉన్న గైడు ఒక్క మాట చెప్పలేదు. స్విట్జర్లాండ్ ఐరోపా సమాఖ్యలో లేదు. కనుక మా వాచీ సమాఖ్యను విడిచింది ఆ సరిహద్దు దగ్గరే, ముద్ర పడవలసిందీ అక్కడే. జూరిచ్ విమానాశ్రయంలో నేను కవరు అందిస్తే, అక్కడి ఉద్యోగి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది సమాఖ్య పత్రమని, దీనిపై ముద్ర వేసే అధికారం తమకు లేదని మర్యాదగానే చెప్పి తిరిగి ఇచ్చేశాడు. పారిస్ నుంచే విమానం ఎక్కి ఉంటే అక్కడ పాబ్లో అనే యంత్రం ముందు ఫారంలోని బార్‌కోడ్ చూపిస్తే చాలు, పచ్చగుర్తు వచ్చి పని ముగిసేది. కొన్ని వారాల తర్వాత, ముద్ర పడిన ఫారం అందలేదన్న కారణంతో, మాకు ఇచ్చిన సొమ్మును అదనపు రుసుముతో సహా మా అబ్బాయి కార్డు నుంచి వెనక్కి లాగేసుకున్నారు. వారి నిబంధన ప్రకారం అది న్యాయమే. మాకు ముందుగా చెప్పవలసినవారు చెప్పకపోవడమే అన్యాయం.

ఇక స్వదేశంలో జరిగింది చెబుతాను. విమానం దిగడానికి ముందు మా బృందానికి అందిన సలహా ఏమిటంటే, డబ్బాలూ బిల్లులూ పారేసి, వాచీ చేతికి పెట్టుకుని, హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, సుంకం పడే వస్తువులు లేనివారు వెళ్లే గ్రీన్ ఛానల్‌లో నడిచి వెళ్లిపొమ్మని! నాకు మనసొప్పక, సుంకం పడే వస్తువులు ప్రకటించే రెడ్ ఛానల్‌కు వెళ్లి బిల్లు చూపించాను. అప్పటికి అమలులో ఉన్న 2016 బ్యాగేజీ నిబంధనల ప్రకారం ఐరోపా నుంచి తిరిగివచ్చే నివాసికి 50 వేల రూపాయల విలువ వరకు మినహాయింపు ఉంటుంది. ఆపైన ఉన్న విలువపై 35 శాతం సుంకం, ఆ సుంకంలో పదోవంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, మొత్తం 38.5 శాతం పడుతుంది. మేమిద్దరం కదా, నా 50 వేలూ నా భార్య 50 వేలూ కలిపి లక్ష మినహాయించమని అడిగాను. ఒక ప్రయాణికుడి మినహాయింపును మరొకరి మినహాయింపుతో కలపడానికి వీల్లేదని అధికారి నిబంధన తీసి చదివి వినిపించారు. ఒక్క వస్తువుకు ఒక్కరి మినహాయింపే. ఒక లక్షా 66 వేలపై లెక్కవేసి దాదాపు 64 వేలు కట్టించుకుని రసీదు ఇచ్చారు. అధికారి తప్పేమీ లేదు, చాలా ఓపికగా మాట్లాడారు. కానీ సుంకంతో కలిపి వాచీకి 2 లక్షల 80 వేలు పడింది. తర్వాత చెన్నైలో విచారిస్తే అదే వాచీ అంతకంటే తక్కువకే, మన దేశపు వారంటీతో దొరుకుతుందని తెలిసింది.

మాతో వచ్చిన చిత్తూరు వస్త్ర వ్యాపారి ఒకాయన ఆ సలహా పాటించారు. భార్య కోసం కొన్న హ్యాండ్‌బ్యాగు డబ్బాను హోటల్ గదిలోనే వదిలేసి గ్రీన్ ఛానల్‌లో నడిచారు. ఆపి సోదా చేస్తే, ఆయన కోటు జేబులో రీఫండ్ ఫారం నకలు దొరికింది. వస్తువు పేరు, ధర, కొన్న తేదీ, ఆయన పాస్‌పోర్టు నంబరు అన్నీ దానిలోనే ఉన్నాయి. పన్ను వాపసు కోసం భద్రంగా దాచుకున్న కాగితమే ఆయనకు వ్యతిరేక సాక్ష్యమైంది. 1962 కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం బ్యాగేజీలో ఏముందో ప్రయాణికుడే ప్రకటించాలి. ప్రకటించని సరుకును జప్తు చేసే అధికారం, జరిమానా వేసే అధికారం అదే చట్టంలో ఉన్నాయి. జప్తు చేసిన వస్తువును 125వ సెక్షన్ కింద విమోచన జరిమానా కట్టి విడిపించుకోవచ్చు గానీ సుంకం, జరిమానా, విమోచన సొమ్ము మూడూ కలిసి మోయలేని భారమవుతాయి. ఆ పెద్దమనిషి దొంగ కాడు. జీవితంలో మొదటిసారి విదేశం వెళ్లి, తీసుకెళ్లినవారి మాట నమ్మాడు. గంటల తరబడి కస్టమ్స్ వారి గదిలో తలవంచుకుని కూర్చున్న ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అలాంటి సలహాలు ఇచ్చేవారు ఆ సమయానికి ప్రక్కన ఎవరూ ఉండరు.

2026 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన కొత్త బ్యాగేజీ నిబంధనలు ఈ 50 వేల పరిమితిని 75 వేలకు పెంచాయి. ఇది మంచి మార్పే. అయినా లక్షల విలువ చేసే వాచీకీ బ్యాగుకూ సుంకం తప్పదన్నది ప్రయాణికులు గ్రహించాలి. ఈ మార్పుల్లో మన రాయలసీమవాసులకు నిజంగా మేలు చేసేది నగల విషయంలో వచ్చినది. ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగివచ్చే స్త్రీ 40 గ్రాములు, పురుషుడు 20 గ్రాములు నగలు సుంకం లేకుండా తేవచ్చునని పాత నిబంధనల్లోనూ ఉంది గానీ, స్త్రీకి లక్ష రూపాయలు, పురుషుడికి 50 వేలు అన్న విలువ పరిమితి కూడా పెట్టారు. 2024 నాటి బంగారం ధరకు లక్ష రూపాయలంటే పదిహేను గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. కువైట్‌లో ఇళ్లలో పనిచేసి, కూతురి పెళ్లికని కూడబెట్టి గొలుసు చేయించుకుని వచ్చే మన తల్లులకు ఆ 40 గ్రాములు కాగితంపైనే ఉండేవి. ఇప్పుడు విలువ పరిమితి తీసేసి బరువునే ప్రమాణంగా పెట్టారు. ఈ సంగతి రాయచోటి, రాజంపేట, పీలేరు వైపు పల్లెలకు చేరవలసినంతగా చేరలేదు. కువైట్‌లో వ్యాట్ లేదు కనుక అక్కడ రీఫండ్ అన్న ప్రశ్నే రాదు. అలా ఇప్పిస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

మిగిలిన దేశాల గురించి క్లుప్తంగా చెబుతాను. దుబాయ్‌లో వ్యాట్ 5 శాతమే, వచ్చే వాపసూ ఆ మేరకే. సింగపూర్‌లో 2024 నుంచి జీఎస్టీ 9 శాతం, కనీసం 100 సింగపూర్ డాలర్ల కొనుగోలు ఉంటే వాపసు కోరవచ్చు. లండన్ వెళ్లేవారు ఇప్పటికీ దుకాణాల్లో ఈ ఫారం అడుగుతున్నారు గానీ ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో పర్యాటకులు తమతో తెచ్చుకునే సరుకుపై వ్యాట్ వాపసును 2021 జనవరి 1 నుంచి ఎత్తివేశారు. ఐరోపా సమాఖ్యలో ఎన్ని దేశాలు తిరిగినా ముద్ర వేయించవలసింది సమాఖ్యను విడిచే చోట. సరుకు చూపించమని అడగవచ్చు కనుక, సూట్‌కేసును విమానంవారికి అప్పగించకముందే ఈ పని చూసుకోవాలి.

ఒంటిమీద నగలతో బయలుదేరే మన ఆడవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. వెళ్లేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి నగలు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగివచ్చినప్పుడు అవి అక్కడ కొన్నవా, ఇక్కడివేనా అన్న ప్రశ్న రాదు. తాళిబొట్టు గొలుసు, నాలుగు గాజులు వేసుకుని వెళ్లే సామాన్యురాలికి ఈ కాగితం ఒకటి ఉంటుందన్న సంగతే తెలియదు. నా భార్యకూ తెలియదు.

యాత్ర రుసుముతోపాటు ఏజెన్సీ ఆదాయపు పన్ను కింద ముందుగానే వసూలు చేసే టీసీఎస్‌ను కూడా చాలామంది ఈ రీఫండుతో కలిపి చూస్తున్నారు. ఆ రెండూ వేరు. మా యాత్రకు 5 శాతం టీసీఎస్ వసూలు చేశారు. అది మన పాన్ నంబరుపై జమ అయ్యే సొమ్ము. ఆదాయపు పన్ను రిటర్ను వేసినప్పుడు కట్టవలసిన పన్నులో సర్దుబాటవుతుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది. మా బృందంలో పదవీ విరమణ చేసినవారు, రిటర్ను వేసే అలవాటు లేనివారు చాలామంది ఉన్నారు. వారంతా ఆ సొమ్మును వదులుకున్నట్టే.

విదేశీ యాత్రలు అమ్మే ప్రతి సంస్థా డబ్బు కట్టించుకునే రోజునే, ముద్ర ఎక్కడ వేయించాలో, ఎంత విలువ దాటితే సుంకం పడుతుందో, ప్రకటించకపోతే ఏమవుతుందో తెలుగులో ఒక కాగితంపై అచ్చువేసి ప్రయాణికుడి చేతికి ఇవ్వాలని అధికారులు నిర్దేశించాలి. సుంకం ఎగవేయమని సలహా ఇచ్చే గైడులపైన, ఏజెంట్లపైన చర్య తీసుకోవాలి. మన జిల్లాల ప్రయాణికులు ఎక్కువగా చెన్నై, బెంగుళూరు విమానాశ్రయాల మీదుగా వచ్చిపోతుంటారు. రెడ్ ఛానల్ దగ్గర ఉండే సూచనలు అక్కడ తెలుగులో కూడా పెట్టించే ప్రయత్నం మన పార్లమెంటు సభ్యులు చేయాలి. ఇంగ్లీషు రాని తల్లి కువైట్ నుంచి ఒంటరిగా దిగినప్పుడు ఏ దారిన వెళ్లాలో ఆమె చదువుకోగలిగే అక్షరాల్లో రాసి ఉండాలి.

నా అనుభవంతో, తర్వాత చదివి తెలుసుకున్న నిబంధనలతో తెలుగులో ఒక పుట సమాచారం తయారుచేసి ఈ లేఖకు జతపరుస్తున్నాను. నిబంధనలు తెలిసిన అధికారి చేత ఒకసారి సరిచూపించి, సెలవులు మొదలయ్యేలోపు జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. యాత్రా సంస్థలవారు ఎవరైనా దాన్ని నకళ్లు తీసి పంచుకోవచ్చు, నా అనుమతి అడగనక్కరలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
తిరుపతి.