తేమ మిషన్ తప్పు చూపింది, తరుగు నేను తీశాను

మాకు మొక్కజొన్న అమ్మిన రైతులకు, మా దగ్గర పాత ట్రాక్టర్లు కొన్నవారికి, తమది ఇచ్చి మార్చుకున్నవారికి ఈ మాట నా నోటితోనే చెప్పాలని రాస్తున్నాను.

ఈ సీజన్‌లో 19 రోజులు మా కాటా దగ్గరి తేమ మిషన్ ఉన్నదానికంటే 1.2 శాతం ఎక్కువ చూపించింది. ఆ రోజుల్లో 43 లోడ్లు కొన్నాను. ప్రతి లోడుకూ తరుగు ఎక్కువ తీశాను.

మన లెక్క 14 శాతం తేమ మీద. 17 చూపిస్తే, తీసిన తూకాన్ని 83తో (100లో 17 పోగా) గుణించి 86తో (100లో 14 పోగా) భాగిస్తాం. అలా 10 టన్నుల లోడుకు 9,651 కిలోలకు డబ్బు ఇచ్చాను. ఆ గింజ అసలు తేమ 15.8. అంటే 9,791 కిలోలకు ఇవ్వాలి. 140 కిలోలు మీవి నా దగ్గర ఉండిపోయాయి. అసలు తేమ 14కు పైన ఎంత ఉన్నా నష్టం ఇంతే, టన్నుకు 14 కిలోలు.

దీన్ని పట్టుకున్నది నేను కాదు. ఏళ్లుగా మాకే గింజలు అమ్ముతున్న ఒకావిడ చీటీ చూసి, గుప్పెడు గింజలు తీసి ఒకటి పంటి కింద పెట్టి, "అన్నా, కటక్కుమంటోంది. ఇది 17 గింజ కాదు" అంది. మిషన్ కొత్తగా సర్వీసు చేయించానమ్మా అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు, చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు కొనుగోలు ఆపేశాను. ఆమె లోడు నుంచి తీసి ఉంచిన గింజల్లో 100 గ్రాములు తూచి ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర 72 గంటలు పెట్టించాను. మూడు రోజుల తర్వాత తీసి తూస్తే 84.2 గ్రాములు, అంటే తేమ 15.8. మళ్లీ తూచాను, అంతే. మిగతా లోడ్ల నమూనాలు కూడా పెట్టి చూశాం. అన్నిట్లోనూ అదే తేడా.

మిషన్ అమ్మినవాళ్లే సీజన్‌కు ముందు దాన్ని తీసుకెళ్లి, సరిచేశామని స్టిక్కర్ అంటించి, సంతకం పెట్టిన కాగితంతో తిరిగి ఇచ్చారు. ఫోన్ చేస్తే "గింజ వేడిగా ఉండి ఉంటుంది" అన్నారు. డ్రయ్యర్‌లోంచి అప్పుడే తీసిన గింజ మిషన్‌ను తప్పుదారి పట్టిస్తుందని నాకు తెలియక కాదు. అందుకే రాత్రంతా నీడన ఉంచిన గింజతో మళ్లీ చూశాను. అప్పుడూ 17. ఆ మాట చెప్పాక రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. చివరికి మనిషిని పంపారు. మిషన్‌లో ఒక్కో గింజకు ఒక్కో సెట్టింగ్ ఉంటుంది. మొక్కజొన్నది సరిచేసేటప్పుడు తప్పు అంకె ఎక్కించారు. ఆ మనిషి అంకె మార్చి, ఇంకో స్టిక్కర్ తీశాడు. అంటించవద్దన్నాను. వాళ్లతో ఇక నాకు పని లేదు. అయినా ఆ కాగితాన్ని నమ్మి, ఓవెన్‌తో ఒక్కసారి కూడా సరిచూసుకోకుండా కాటా తెరిచింది నేనే. ఆ తప్పు వాళ్లది కాదు.

బాకీ కట్టాలా వద్దా అన్నది నాకు ప్రశ్నే కాలేదు. ఏ రేటుకు కట్టాలన్న దగ్గరే నాలుగు రోజులు నలిగాను. లెక్కలు చూసే మా అబ్బాయి చీటీ మీద రాసిన రేటే ఇద్దామన్నాడు. బేరం ఆ రోజుది, కాబట్టి రేటూ ఆ రోజుదే అన్నది వాడి వాదన. తప్పని అనలేను. కానీ ఆ 140 కిలోలకు అసలు బేరమే జరగలేదు కదా. డబ్బు ఇవ్వకుండా నా గోడౌన్‌లో పెట్టుకున్న మీ గింజలు అవి. తర్వాత రేటు పెరిగింది, పెరిగిన రేటుకే వాటిని అమ్మాను. ఆ లాభం నాదెలా అవుతుంది? నేను అమ్మిన రేటు, చీటీ రేటు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది కడుతున్నాను. ఇంట్లో ఇంకా దీని మీద మాట పడుతూనే ఉంది. నేను మార్చను. గింజల డబ్బును ట్రాక్టర్ బాకీలో జమ చేయించుకున్నవారి ఖాతాలూ ఇదే లెక్కన సరిచేస్తున్నాను.

ఇంకో మాట నా చెవిన పడింది. "తేమ మిషన్ తిప్పినవాడు ట్రాక్టర్ మీటర్ తిప్పడా?" అని. చాలా బాధపడ్డాను. మీటర్ తిప్పిన బండి నా చేతి మీదుగా ఎప్పుడూ పోలేదు. అయినా నా మాట నమ్మమని ఇప్పుడు అడగను, బండిని చూసుకోండి. పాత బండ్లలో గంటల మీటర్ ఇంజిన్ తిరుగుడును బట్టి నడుస్తుంది. తక్కువ స్పీడులో గంట నడిపితే మీటర్‌లో గంట పడదు. అందుకే 3,000 గంటలు చూపించే రెండు బండ్ల ధర ఒకటి కాకపోవచ్చు. క్లచ్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో, వెనక పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్ట్ పళ్లు అరిగి పదునెక్కాయేమో, ముందు యాక్సిల్ పిన్ దగ్గర వదులు ఉందేమో చూడండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసా కొడితే ఇంజిన్ సిలిండర్ల బోరు పని దగ్గరపడ్డట్టే. మీ మెకానిక్‌ను తెచ్చుకోండి. మీరు వచ్చేదాకా ఇంజిన్ చల్లగానే ఉంచుతాను, మొదటి స్టార్ట్ మీ ముందే.

ఇకనుంచి వారానికోసారి ఓవెన్‌తో సరిచూసి, ఆ అంకె కాటా గది తలుపు మీద రాస్తాం.

మిగిలింది వెనక్కి పంపిన లోడ్ల సంగతి. 18 దాటితే కొనం కాబట్టి, ఆ 19 రోజుల్లో ఏడు లోడ్లు ఆరబెట్టి తెమ్మని తిప్పి పంపాను. అసలు తేమ 18 లోపే ఉండి ఉండవచ్చు. రానూపోనూ కిరాయి, ఆరబెట్టిన కూలి నేను ఇస్తాను. ఐదుగురు వచ్చి తీసుకున్నారు. కొనని లోడుకు చీటీ రాయం, అందుకే మిగిలిన ఇద్దరు ఎవరో నా దగ్గర రాసి లేదు. ఏ రోజు వచ్చారో చెబితే చాలు, రండి.