గోధుమ పడని పిల్లలకు బాలామృతం ఎలా?

సంపాదకులకు,

జగిత్యాల జిల్లాలో ఒక మండల కేంద్రంలో పిండి గిర్ని నడుపుతున్నాను. మా నాన్న పెట్టిన గిర్ని. గోధుమలు పట్టి బతికే ఇంట్లో గోధుమ పడని బిడ్డ పుట్టింది. మా రెండున్నరేళ్ల పాపకు సీలియాక్ జబ్బు ఉందని మొన్న ఎండాకాలంలో తేలింది.

పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ సన్నబడి, పాప ఎప్పుడూ చిరాగ్గా ఏడుస్తుండేది. నులిపురుగుల మందు తాగించాం, ఐరన్ టానిక్ పోశాం, మా అమ్మ దిష్టి కూడా తీసింది. అన్నం తినే మనకు ఈ జబ్బు రాదు, అది రొట్టెలు తినే ఉత్తరాది వాళ్లది అన్న నమ్మకం డాక్టర్లలోనూ ఉన్నట్టుంది. చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ టీటీజీ అనే రక్తపరీక్ష రాసింది. తర్వాత ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూసి ఖాయం చేశారు. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి పోతే ఒంట్లోని రక్షణ వ్యవస్థే పేగు లోపలి పొరను దెబ్బతీస్తుందట. ఇక తిన్నది ఒంటికి ఎలా పడుతుంది? దీనికి మందు లేదు, జీవితాంతం ఆ గింజలు మానడమే. అనుమానం రాగానే గోధుమ మాన్పించకూడదని కూడా ఆమె చెప్పింది. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు.

ఆమె చెప్పిన ఇంకో ముచ్చట నాకు బాగా గుర్తుండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో హాలండ్‌లో రొట్టె దొరక్క జనం అలమటిస్తుంటే, ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారట. రొట్టె రావడం మొదలవగానే మళ్లీ మంచం పట్టారట. గోధుమ మీద ముందు నుంచే అనుమానం ఉన్న డికె అనే పిల్లల డాక్టరుకు అప్పుడు నమ్మకం కుదిరింది.

తిండికి మాకు కరువు లేదు. అన్నం, జొన్నరొట్టె, మక్క గట్క, రాగి జావ, సకినాలు, అరిసెలు ఏవైనా పాప తినొచ్చు. పట్నంలో అమ్మే ఖరీదైన గ్లూటెన్ రహిత బిస్కెట్లు మాకు అక్కరలేదు. తిప్పలల్లా గోధుమ చెప్పకుండా దూరే చోటే. పప్పుచారులో వేసే ఇంగువ డబ్బా తిప్పి చూడండి, చాలావాటి మీద చీమ తలకాయంత అక్షరాల్లో మైదా అనో గోధుమపిండి అనో ఉంటుంది. విడిగా అమ్మే ముద్ద ఇంగువకైతే ఆ అక్షరాలు కూడా ఉండవు. పిల్లల బలానికని పాలలో కలిపే మాల్ట్ పొడుల్లో చాలావరకు బార్లీయే.

ఇక నా గిర్ని సంగతి. గోధుమలు పట్టిన రాళ్ల మధ్య, పిండి దిగే గుడ్డ గొట్టంలో పిండి మిగిలిపోతుంది. తర్వాత బియ్యం తెచ్చినవాళ్ల మొదటి దోసెడు పక్కకు తీసి పోస్తాం, అదే శుభ్రం అనుకుంటాం. మన దేశంలో గ్లూటెన్ రహితం అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండొద్దు. కిలో బియ్యప్పిండిలో ఒక్క చిటికెడు గోధుమపిండి పడితే ఆ హద్దు దాటినట్టే. అందుకే ఇంటి మీద చిన్న మర పెట్టించాను, దాంట్లో బియ్యం, జొన్నలు, రాగులే పడతాం. నేను గిర్ని బట్టలు కిందే విడిచి, స్నానం చేశాకే పాపను ఎత్తుకుంటాను. పక్కింటి అవ్వ మాత్రం "ఒక్క బిస్కెట్‌కు ఏమైతది బిడ్డా" అని ఇప్పటికీ చేతిలో పెడుతూనే ఉంటుంది. ఆమె ప్రేమతో కొట్లాడడం డాక్టర్లతో మాట్లాడడం కన్నా కష్టం.

అసలు ఈ ఉత్తరం రాస్తున్నది బాలామృతం గురించి. 7 నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే 2.5 కిలోల పాకెట్. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన మంచి ఆహారం, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. మా పాపకే అది పడదు. మా టీచరమ్మ మంచి మనిషి, కానీ బదులుగా ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంకో పాకెట్ లేదు. నాకు గిర్ని ఉంది కాబట్టి నడుస్తోంది. కూలికి పోయే తల్లి బిడ్డకు ఇదే జబ్బుంటే, బరువు పెరగడం లేదని ఇంకో చెంచా బాలామృతమే పెడుతుంది.

డాక్టరు చీటీ తెచ్చిన పిల్లలకు గోధుమకు బదులు రాగులతోనో జొన్నలతోనో చేసిన పాకెట్ ఇప్పించాలని మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులను కోరుతున్నాను. అది గోధుమ తగలని మర మీదే పట్టాలి. అందులో ఏమైనా సందేహం ఉంటే పిలవండి, వచ్చి చూపిస్తాను.

– ఒక గిర్ని యజమాని, జగిత్యాల జిల్లా
(పాప కోసం పేరు వేయవద్దని మనవి)