గాయాల పుస్తకం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, దసరా సెలవుల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీలో ఒక నోటుబుక్కు గురించి రాస్తున్నాను. మా ఆఫీసు గదిలో హాజరు పట్టీల పక్కన ఎర్ర అట్ట వేసిన పుస్తకం ఒకటి ఉంది. పిల్లలు దాన్ని గాయాల పుస్తకం అంటారు.

నిరుడు వానాకాలంలో నాలుగో తరగతి పాప భోజనం వేళ నల్లా దగ్గర జారిపడింది. గడ్డం కింద చీలింది. కొంగుతో అదిమిపట్టి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. మూడు కుట్లు పడ్డాయి. వాళ్లమ్మ పరుగున వచ్చి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. కాసేపయ్యాక మెల్లగా అన్నది: "మేడం, పోయినేడు మా పెద్దోడు గూడ గక్కడ్నే పడ్డడు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దవాడు పడ్డప్పుడు కడిగి, మందు రాసి, ఇంటికి పంపించాం. ఎవరం ఎక్కడా రాసుకోలేదు. రాసి ఉంటే చెల్లెలికి ఆ కుట్లు పడేవి కావేమో.

మర్నాడే పుస్తకం మొదలుపెట్టాం. ఏ తరగతి, ఏ వేళ, ఏ చోట, ఏం చేస్తుండగా, ఎక్కడ దెబ్బ తగిలింది. అంతే. ఎవరి తప్పు అన్న గడి అందులో లేదు, కావాలనే పెట్టలేదు. కొన్ని వారాలకే అవే మాటలు కనబడసాగాయి. "నల్లా గచ్చు, భోజనం బెల్లు, మోకాలు." "నల్లా గచ్చు, భోజనం బెల్లు, మోచేయి." పాచి గీకించాం, గచ్చును గరుకుగా చెక్కించాం. అయినా పిల్లలు పడుతూనే ఉన్నారు. అసలు సంగతి మా ఆయమ్మ చెప్పింది. చివర వచ్చినవాళ్లకు నీళ్లు సన్నగా వస్తాయి, అందుకే బెల్లు కొట్టగానే అందరూ ఉరుకుతారు. చిన్న తరగతులకు పది నిమిషాల ముందే భోజనం బెల్లు కొట్టడం మొదలుపెట్టాక ఆ చోటు పేరు పుస్తకంలో మళ్లీ రాలేదు. "ఉరకొద్దు" అని ఎన్ని నెలలు అరిచామో! ఆ అరుపులతో కానిది ఈ పది నిమిషాలతో అయింది.

ఇది మా తెలివేం కాదు. 1970లలో న్యూయార్క్ నగరంలో పసిపిల్లలు మేడల కిటికీల్లోంచి కింద పడి చనిపోయేవాళ్లు. అక్కడి ఆరోగ్య శాఖ తల్లులను నిందించి ఊరుకోలేదు. పిల్లలు పడిన ప్రతిసారీ దవాఖానల నుంచి, పోలీసుల నుంచి కబురు తెప్పించుకుంది, సిబ్బందిని ఆ ఇళ్లకు పంపింది, కిటికీలకు ఉచితంగా కడ్డీలు ఇచ్చింది. ఆ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో రెండేళ్లలో అలా పడిపోవడాలు సగానికి తగ్గాయి. 1976లో నగరం ఏకంగా నిబంధనే తెచ్చింది. మలేరియా కేసులను ఎలా లెక్కపెడతారో, గాయాలనూ అలాగే లెక్కపెట్టి ఎక్కడ పుడుతున్నాయో వెతకాలి. మనం మాత్రం "రాత అట్లుంది" అని వదిలేస్తున్నాం.

ఇక దసరా సెలవులు. మన పిల్లల్లో సగం మంది ఊళ్లకు పోతారు. వానలకు చెరువులు నిండి ఉంటాయి. గునుగు, తంగేడు పూల కోసం పిల్లలు గట్ల వెంట, పొదల్లో తిరుగుతారు. ఈత రాని పిల్లవాడు మునిగేటప్పుడు సాధారణంగా కేక వేయడు, చేతులు ఊపడు. చప్పుడు లేకుండా మునిగిపోతాడు. అందుకే హనుమకొండలో పద్మాక్షి గుట్ట దగ్గరైనా, మీ ఊరి చెరువు దగ్గరైనా, సద్దుల బతుకమ్మ నాడు పిల్లల మీద కన్నేసి ఉంచడానికి ఒక పెద్ద మనిషిని పెట్టుకోండి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, పూలు కూడా ఉండకూడదు.

పత్తికి కొట్టగా మిగిలిన మందును కూల్ డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి ఈ రోజే ఆ గూడు చూడండి. మందు దాని డబ్బాలోనే ఉండాలి, తాళం వేసిన చోట ఉండాలి. పొరపాటున పిల్లలు తాగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు. 108కి ఫోన్ చేసి, ఆ డబ్బాతో సహా దవాఖానకు పోవాలి. పాము కరిస్తే తాడు బిగించి కట్టడం, కోయడం చేయవద్దు. కాలు కదలనివ్వకుండా వరంగల్ ఎంజీఎం దవాఖానకో, దగ్గరలోని సర్కారు దవాఖానకో తీసుకుపోండి.

బండ్ల సంగతి మళ్లీ చెప్పక తప్పదు. 5 నుంచి 29 ఏళ్ల వాళ్ల చావులకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉదయం గేటు దగ్గర నిలబడి చూస్తుంటాను. నాన్న తలకు హెల్మెట్, వెనక కూర్చున్న బిడ్డ తలకు రిబ్బన్లు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ తప్పనిసరని చట్టం ఉంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు బండి తాళం ఇచ్చే అమ్మానాన్నలూ, పోలీసులకు దొరికితే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు మీకే. కానీ నా భయం జరిమానా గురించి కాదు.

ఈ లేఖతో పాటు ఒక పసుపు చీటీ పంపిస్తున్నాను. సెలవుల్లో బిడ్డకు తగిలిన ప్రతి దెబ్బ అందులో రాయండి. గంజి మీద పడి కాలినా సరే, కుక్క కరిచినా సరే, మెట్ల మీద జారినా సరే. ఏ వేళ, ఏ చోట, ఏం చేస్తుండగా అన్నది రెండు ముక్కల్లో చాలు. రాయడం రాకపోతే బిడ్డతో చెప్పి రాయించండి. పేరు అక్కర్లేదు, తరగతి చాలు. మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనరు, ఆ బాధ్యత నాది. బడి తెరిచిన రోజు ఆ చీటీలన్నీ తరగతుల వారీగా తీసుకుని, మొదటి శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు హాల్లో అందరం కూర్చుని చదువుదాం. వీలైతే నాయనమ్మలను, అమ్మమ్మలను కూడా తోలుకురండి. పగలంతా పిల్లలను చూసుకునేది వాళ్లే.

మీ
ప్రధానోపాధ్యాయురాలు