తొమ్మిదింటికి ఫోన్లు సావిట్లోకి

సంపాదకులకు,

పదేళ్లు దాటిన పిల్లల చేతిలో ఫోను ఎంతసేపు ఉండవచ్చన్న విషయంలో ఇంటింటా తగవులే. మా కోనసీమలో ఆ తగవు తీర్చవలసిన వారు చాలా ఇళ్లలో తల్లిదండ్రులు కారు. గల్ఫ్‌లో ఉన్న పిల్లల తరఫున మనవలను పెంచుతున్న తాతలు, మామ్మలు, అమ్మమ్మలు. నేనూ వారిలో ఒకడిని.

తొమ్మిదో తరగతి మనవరాలికి, ఏడో తరగతి మనవడికి కలిపి ఒక ఫోను ఉంది. మొదట చెరో గంట అన్నాం. పది రోజులైనా నిలవలేదు. ఆట మధ్యలో ఆపితే జట్టు ఓడిపోతుందని వాడు, పాఠం వీడియో లెక్కలోకి రాదని అది. కువైట్‌లో మా అబ్బాయి, కోడలు పని ముగించుకుని వీడియో కాల్ చేసేసరికి ఇక్కడ రాత్రి పది దాటేది. మాటలయ్యాక ఫోను మనవడితో పాటే దుప్పట్లోకి వెళ్లేది.

2022లో ప్రచురితమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (పిల్లల వైద్యుల సంఘం) మార్గదర్శకాలు కూడా అయిదు నుంచి పదేళ్ల వారు తెర చూసే సమయం రోజుకు రెండు గంటల లోపు అని చెప్పి, ఆపై వయసు వారికి మాత్రం అంకె పెట్టకుండా నిద్ర, ఆట, చదువు దెబ్బతినకూడదన్నాయి. అందుకే గంటల లెక్క వదిలేశాం. తొమ్మిదింటికి మూడు ఫోన్లూ, అంటే నాదీ మా ఆవిడదీ కూడా, సావిట్లో టీవీ బల్ల మీద ఛార్జింగుకు చేరాలి. పగలు హోంవర్కు, కాలువగట్టు మీద సైకిలు తొక్కడం అయ్యాకే ఆట. మొదలుపెట్టిన మ్యాచ్ పూర్తికానిస్తాం, చేతిలోంచి లాక్కోము. మా అబ్బాయి వాళ్లు సెలవు రోజులైన శుక్ర, శనివారాల్లో సాయంత్రం ఏడింటికే మాట్లాడుతున్నారు. నా ఫోను బల్ల మీద లేని రాత్రి పిల్లల ఫోనూ అక్కడ ఉండదని రెండో రోజుకే తెలిసింది.

ఇంత చేసినా ఈ నియమాన్ని దెబ్బతీస్తున్నది బడి. రాత్రి ఎనిమిదిన్నరకు, ఒక్కోసారి తొమ్మిది దాటాక, తరగతి వాట్సాప్ గ్రూపులో హోంవర్కు వస్తోంది. ఫోను ముట్టనివ్వకపోతే మర్నాడు పిల్లకు చీవాట్లు, ముట్టనిస్తే పదిన్నర దాకా అది బల్ల మీదికి రాదు. 2020లో కరోనా వల్ల బళ్లు మూసినప్పుడు తప్పనిసరై మొదలైన ఈ పద్ధతి ఇంకా ఎందుకు? హోంవర్కును బడి వదిలేలోగా బోర్డు మీద రాసి డైరీలో ఎక్కించేలా, గ్రూపులో పెట్టక తప్పని సమాచారం సాయంత్రం ఆరు దాటకుండా పంపేలా, ప్రైవేటు బడులతో సహా అన్నింటికీ జిల్లా విద్యాశాఖాధికారి గారు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

— ఒక తాతయ్య, రాజోలు