ఫార్మసిస్ట్ లేని గంటల్లో షాపు మూసే ఉంటుంది

వచ్చే సోమవారం నుంచి మన మెడికల్ షాపు పొద్దున 9 నుంచి 1 దాకా, సాయంత్రం 5 నుంచి రాత్రి 10 దాకా మాత్రమే తెరిచి ఉంటుంది. మధ్యాహ్నం షట్టర్ పూర్తిగా దించేస్తాం. ఇన్నేళ్లూ పొద్దున తెరిస్తే రాత్రి 11 దాటాకే మూసిన షాపు కాబట్టి, హనుమకొండలో నలుగురూ నాలుగు రకాలుగా అనుకోకముందే సంగతి నేనే చెబుతున్నా. అప్పులు కాలేదు, షాపు అమ్మడం లేదు, నా ఆరోగ్యం కూడా బాగానే ఉంది.

రెండో షిఫ్టు చూసే ఫార్మసిస్ట్ అమ్మాయి మానేసింది. కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చేసిన పిల్ల. హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగం వచ్చింది. మందుల సైడ్ ఎఫెక్టుల మీద వచ్చే రిపోర్టులను కంప్యూటర్‌లో చూసే పని అది. ఏసీ గది, శని ఆదివారాలు సెలవు, జీతం నేనిచ్చేదానికి రెట్టింపు. ఏమని ఆపాలి? వరంగల్ చుట్టూ ఇన్ని ఫార్మసీ కాలేజీలున్నా కౌంటర్ వెనక నిలబడే మనిషి దొరకట్లేదంటే కారణం ఇదే. చదివినవాళ్లలో చాలామంది కంపెనీలకో మెడికల్ కోడింగ్‌కో పోతున్నారు. రాత్రి 10 దాకా నిలబడి, "ఈ గోలీ తిన్నంక పాలు తాగొచ్చా" అన్న ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పే పనికి వచ్చేవాళ్లు తక్కువ.

దాంతో షాపులో రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్‌ను నేనొక్కడినే మిగిలాను. డాక్టర్ చిట్టీ మీద ఇచ్చే మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ చేతుల మీదుగానో, అతను దగ్గరుండి చూస్తుండగానో ఇవ్వాలి. డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు ఈ మాటే చెబుతుంది. రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ కానివాళ్లు చిట్టీ మందులు ఇవ్వకూడదని 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ కూడా అంటుంది. రూలు మా తాతల కాలం నాటిదే. మారింది దాన్ని అమలు చేసే తీరు. చట్టం కేంద్రానిదైనా లైసెన్స్ ఇచ్చేది, తనిఖీకి వచ్చేది, తప్పు దొరికితే లైసెన్స్ సస్పెండ్ చేసేది మన రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్. కొన్నేళ్లుగా వాళ్ల తనిఖీలు, దాడుల వార్తలు పేపర్లో మీరూ చూస్తున్నారు. నకిలీ ఫార్మసిస్టులతో మందుల షాపులు నడవకుండా చూసే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది, ఫార్మసిస్టులను రిజిస్టర్ చేసే ఫార్మసీ కౌన్సిల్‌ది అని 2022 నవంబర్‌లో బీహార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

అమ్మాయి మానేసిందని తెలిసిన వారం తిరగకముందే ఒకాయన వచ్చాడు. పేరు చెప్పను. "అన్నా, ఒక ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ ఉంది, నెలనెలా ఇంత పంపితే చాలు, మనిషి రాడు, తనిఖీ ఉంటే ముందే ఫోన్ చేసి తెప్పిద్దాం" అన్నాడు. అడిగింది కొత్త ఫార్మసిస్ట్ జీతంలో మూడో వంతు కూడా కాదు. ఈ దందా ఉన్నదని మందుల వ్యాపారంలో ఉన్న అందరికీ తెలుసు. నేను వద్దంటే నవ్వి, "మీ ఇష్టం, ఇట్లయితే షాపు నడవది" అన్నాడు. ఆ నవ్వు నేనింకా మరచిపోలేదు. కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యి, నా పేరు, నా నంబర్ గోడకు తగిలించుకుని కూర్చున్నోణ్ని. ఆ పక్కనే ఊర్లో లేని మనిషి సర్టిఫికెట్ తగిలించమంటే ఎట్లా తగిలిస్తాను? ఇది పంతమే అనుకోండి, అభ్యంతరం లేదు.

అయితే నాకు నిద్ర పట్టకుండా చేసింది ఆయన కాదు. మన కౌంటర్ దగ్గర పనిచేసే అన్న.

మీలో చాలామందికి నాకంటే ఆయనే ఎక్కువ తెలుసు. ఏ ఇంట్లో ఎవరికి షుగరో, ఎవరికి సల్ఫా మందులు పడవో నోటికి చెప్తాడు. డాక్టర్ల కోడి గీతలు నాకంటే వేగంగా చదువుతాడు. కొందరు ఆయనను డాక్టర్ సాబ్ అనే పిలుస్తారు. చదివింది మాత్రం పదో తరగతి. ఫార్మసిస్ట్‌కు కావాల్సిన డీఫార్మసీ డిప్లొమాకు ఇంటర్ ఉండాలి, ఆ పైన రెండేళ్ల కోర్సు, ఇప్పుడు 2022 రెగ్యులేషన్స్ ప్రకారం ఎగ్జిట్ పరీక్ష కూడా. ఈ వయసులో, ఇద్దరు పిల్లల ఫీజులు కట్టుకుంటూ, ఆయన అవన్నీ ఎప్పుడు చదవాలి?

ఇన్నాళ్లూ షాపులో నేనో ఆ అమ్మాయో పక్కన ఉండి చూస్తుండగానే ఆయన మందులు తీసిచ్చేవాడు. ఇప్పుడు మధ్యాహ్నం నేను అన్నానికి పోతే ఆయనొక్కడే. ముందు నాకు తోచింది ఏమిటంటే, ఆ గంటల్లో షాపు తెరిచే ఉంచి ఓఆర్ఎస్ పాకెట్లు, డైపర్లు, దూది, బ్యాండేజీ మాత్రం అమ్మించడం. లెక్క వేస్తే కరెంటు బిల్లైనా వచ్చేది. ఇంట్లోవాళ్లు సరే అన్నారు, ఆయనా సరే అన్నాడు. నేనే అటూ ఇటూ ఊగాను. చివరికి వద్దనుకున్నా. ఎంజీఎం ఆసుపత్రి నుంచి చంకలో పిల్లను వేసుకుని వచ్చిన తల్లి "అన్నా, డాక్టర్ రాసిండు, ఒక్క సీసా ఇయ్యి" అని బతిమాలితే ఆయన ఇవ్వకుండా ఉండలేడు. నేనైనా ఉండలేను. ఆ పరిస్థితిలో ఆయన్ని ఒంటరిగా నిలబెట్టి, రేపు ఏదైనా అయితే ఆయన మీదికి తోయడం నావల్ల కాదు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు, చీపురు తీసుకుని ర్యాకుల కింద ఊడ్చాడు. జీతం తగ్గించలేదు. పొద్దున, సాయంత్రం నా పక్కనే ఉంటాడు. మీరు ఆయన్ని అడగొచ్చు, మందు మాత్రం నేను చూశాకే మీ చేతికి వస్తుంది.

2025 సెప్టెంబర్, అక్టోబర్‌లలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ సిరప్ సంగతి గుర్తుండే ఉంటుంది. డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన ఆ బ్యాచ్ వాడొద్దని మన రాష్ట్ర అధికారులు కూడా హెచ్చరిక ఇచ్చారు. అట్లాంటి హెచ్చరిక వచ్చిన రోజు ర్యాక్ మొత్తం దించి బ్యాచ్ నంబర్లు చూడాలి, అంతకుముందు కొన్నవాళ్లకు ఫోన్ చేయాలి. షాపులో ఫార్మసిస్ట్ ఉండేది ఇందుకు కూడా. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు వాడొద్దని కేంద్రం అప్పుడే సూచించింది. కాబట్టి చంటిపిల్లలకు "ఏదో ఒక సిరప్" అడిగితే ఇవ్వను. కోపం చేసుకోకండి.

కోపం అంటే చెప్పాలి. చాలా ఏళ్లుగా మన దగ్గరే మందులు కొనే పెద్దమనిషి ఒకాయన మొన్న నిద్ర గోలీలు చిట్టీ లేకుండా అడిగాడు. ఆ గోలీల్లో ఉండే ఆల్ప్రజోలం హెచ్-1 షెడ్యూల్‌లో, అంటే చిట్టీ మీదే, లెక్క రాసి అమ్మాల్సిన మందుల జాబితాలో ఉంది. 2014 మార్చి నుంచి అది అమ్మితే డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని గోలీలు అన్నీ వేరే రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచాలి. చిట్టీ లేకుండా అందులో ఏం రాయను? "పక్క గల్లీల ఇస్తున్నరు, నీకొక్కనికేనా రూల్సు? పెద్ద ఆఫీసర్‌వైనవా?" అని పోయాడు. మళ్లీ రాలేదు. నొచ్చుకున్నా, దాచడం ఎందుకు. పక్క గల్లీకి పోయేవాళ్లను నేను ఆపను. పోయినప్పుడు గోడ మీద ఫార్మసిస్ట్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ చూడండి. ఆ మనిషి లోపల ఉన్నాడా అని ఒక్కసారి అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇక రోజువారీ సంగతులు. బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు నెలనెలా తీసుకునేవాళ్లు నాలుగు రోజుల ముందే చెప్తే కట్టి ఉంచుతా. నడవలేని పెద్దవాళ్లకు నేనే తెచ్చిస్తా, పాత పద్ధతే. చిట్టీ మీద ఎన్ని నెలలు వాడాలో డాక్టర్‌తో రాయించుకోండి. అది లేకపోతే ఒక చిట్టీకి ఒక్కసారే మందులివ్వాలన్నది రూలు, దానివల్ల మీకూ నాకూ ఊరికే గొడవ. యాంటీబయాటిక్ రెండు గోలీలు కత్తిరించి ఇమ్మంటే ఇవ్వను. అజిత్రోమైసిన్‌కైనా సెఫిక్సిమ్‌కైనా డాక్టర్ చిట్టీ కావాలి. ఊర్లలో ఆర్ఎంపీలు రాసిచ్చిన కాగితాలు చెల్లవు. రాసిన కంపెనీ మందు లేకపోతే అదే మందు వేరే కంపెనీది ఇమ్మని అడుగుతారు. షెడ్యూల్ హెచ్ మందుల్లో, అంటే డాక్టర్ చిట్టీ మీదే అమ్మాల్సిన వాటిలో, అట్లా మార్చే అధికారం ఫార్మసిస్ట్‌కు లేదు. డాక్టర్‌కు ఫోన్ చేసి, ఆయన చిట్టీ మీద మార్చి రాస్తే ఇస్తా.

రాత్రి 10 తర్వాత అవసరం పడితే దయచేసి నా ఇంటి తలుపు కొట్టకండి, ఎంజీఎం దగ్గర రాత్రంతా తెరిచి ఉండే షాపులున్నాయి. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ ఒక్కడిని పొద్దున నుంచి అర్ధరాత్రి దాకా నిలబడలేను.

డీఫార్మసీ గానీ బీఫార్మసీ గానీ చేసి, తెలంగాణ ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు మీ ఇళ్లలో, మీ చుట్టాల్లో ఉంటే పంపండి. ఫ్రెషర్ అయినా పర్వాలేదు, పని నేను నేర్పిస్తా. సాయంత్రం షిఫ్టు, నెలకు రెండు ఆదివారాలు సెలవు. మాట్లాడుకోవడానికి సర్టిఫికెట్ జిరాక్స్ చాలు, డ్యూటీకి మాత్రం మనిషే రావాలి.