‘ఆపండి’ అన్నవాడి గేట్ పాస్‌ని ఎవరు కాపాడతారు?

ఒడిశా రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పనిలో రెండూ కలిపి మాట్లాడే ఊరు మాది. మెకానికల్ డిప్లొమా చేసి ఇరవై ఏడేళ్లుగా ఫ్యాక్టరీల మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నాను. ఇప్పటికి నాలుగు కంపెనీలు చూశాను. ఈ ఉత్తరాన్ని ఒడియాలో కూడా మీ కార్యాలయానికి పంపుతున్నాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ఊళ్లలో నాలాంటి పనివాళ్లు చాలామంది ఉన్నారు, పార్వతీపురం, పలాస వైపు నుంచి పనికోసం వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లు కూడా చదవాలని తెలుగులో రాస్తున్నాను.

ప్రతి వేసవిలో కాలేజీ చదువు ముగించుకున్న మా వీధి పిల్లలు నా దగ్గరికి వస్తారు. “బాబాయ్, ఏ కంపెనీ మంచిది?” అని అడుగుతారు. జీతం ఎంత, క్వార్టర్స్ ఇస్తారా, బస్సు ఉందా, క్యాంటీన్‌లో తిండి ఎలా ఉంటుంది అని అప్పటికే కనుక్కుని వస్తారు. అవన్నీ కావలసినవే. అయినా నేను వాళ్లకు ఇంకొకటి కనుక్కోమంటాను. అందరికంటే కింద ఉన్న మనిషి ‘ఆపండి’ అంటే అక్కడ పని ఆగుతుందా? ఆ తర్వాత ఆ మనిషి ఉద్యోగం ఉంటుందా?

ఇలా ఎందుకు అడగమంటానో చెప్పాలంటే ఒక రాత్రి సంగతి చెప్పాలి. కంపెనీ పేరు, ఊరి పేరు ఇక్కడ అనవసరం. మరమ్మతుల కోసం ప్లాంట్ ఆపే షట్‌డౌన్ నడుస్తోంది. కన్వేయర్ బెల్ట్ చివరి పుల్లీకి బేరింగ్ మార్చాలి. తెల్లారేసరికి బెల్ట్ తిరగాలని పైనుంచి ఒకటే ఒత్తిడి. వర్క్ పర్మిట్ మీద సంతకాలు అయిపోయాయి, కరెంటు ఐసోలేట్ చేశామన్నారు. మా గుంపులో కాంట్రాక్టర్ తరఫున వచ్చిన ఒక హెల్పర్ ఉన్నాడు, కొండమీది పల్లె నుంచి వచ్చిన, కువి భాష మాట్లాడే గిరిజన కుర్రాడు. అతను కన్వేయర్ పక్కనున్న ప్యానెల్ వైపు చూపించి, వచ్చీరాని ఒడియాలో, “దీపం ఇంకా వెలుగుతోంది బాబూ” అన్నాడు. కరెంటు నిజంగా తీసేసి ఉంటే ఆ దీపం వెలగకూడదు. షిఫ్ట్ ఇన్‌చార్జ్ అతన్ని కసిరాడు. “నీకేం తెలుసు, పానా అందుకో” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నాకు తెలుసు, అయినా నోరు మెదపలేదు. అప్పటికి నా ఉద్యోగం కూడా పర్మినెంట్ కాలేదు.

పక్క కన్వేయర్‌కి కరెంటు ఇచ్చే ఫీడర్‌కి తాళం వేసి, మా కన్వేయర్‌ది ఇదే అనుకున్నారు. ప్యానెల్ మీద నంబర్లు రంగు వేసినప్పుడు చెరిగిపోయాయట. తాళం వేశాక స్టార్ట్ బటన్ ఒకసారి నొక్కి, మెషిన్ కదలడం లేదని చూసుకుంటే బయటపడేది. అర నిమిషం పని. అదీ చేయలేదు. కంట్రోల్ రూమ్‌లో ఎవరో పొరపాటున బెల్ట్ స్టార్ట్ చేశారు. మా ఫిట్టర్ కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

విచారణ జరిగింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. ఆ హెల్పర్ గేట్ పాస్ మాత్రం నెలాఖరుకి రెన్యూ కాలేదు. ఎందుకని కాంట్రాక్టర్‌ని అడిగితే, “వాడు ఎక్కువ మాట్లాడతాడు” అన్నాడు. మంత్రిగారూ, ఆ మాట విని ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇది చదువు లేని చోట జరిగే తప్పని మీ అధికారులు అనుకోవచ్చు. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలై ఏడుగురు చనిపోయారు. కారణం రాకెట్ కీళ్లలోని ఓ-రింగ్. మా ఫిట్టర్లు రోజూ చేత్తో పట్టుకునే రబ్బరు సీలు లాంటిదే, సైజులో పెద్దది. చలికి అది బిగిసిపోతుందని, ప్రయోగం ఆపమని ఆ రాకెట్ తయారుచేసిన కంపెనీ ఇంజినీర్లు ముందురోజు రాత్రే చెప్పారు. మేనేజర్లు వాళ్ల మాట పక్కన పెట్టారు. అంత చదువు, అంత డబ్బు, అంత పేరు ఉన్న చోట కూడా కిందివాడి ‘వద్దు’ పైవాడికి ఎక్కలేదు.

నేను మంచి చోట కూడా పనిచేశాను. నా మూడో కంపెనీలో మెయింటెనెన్స్ హెడ్‌గా ఉన్న పెద్దాయన క్యాంటీన్‌లో నీళ్ల డ్రమ్ము పక్కన ఒక లావుపాటి పుస్తకం, దారంతో కట్టిన పెన్ను పెట్టించారు. ప్రమాదం కాబోయి తప్పిపోయిన సంగతి ఏదైనా అందులో ఎవరైనా రాయొచ్చు. పేరు రాయక్కర్లేదు, ఏ భాషలోనైనా రాయొచ్చు. ఒడియాలో రాశారు, తెలుగులో రాశారు. రాయడం రానివాళ్లు బొమ్మలు వేశారు. ఒక హెల్పర్ నిచ్చెన బొమ్మ గీసి నాలుగో మెట్టు మీద అడ్డగీత పెట్టాడు. ఆ సాయంత్రానికి సైలో దగ్గరి నిచ్చెనకి కొత్త మెట్టు వెల్డ్ చేశారు. ప్రతి సోమవారం టూల్ బాక్స్ టాక్‌లో, అంటే పనికి ముందు భద్రత గురించి మాట్లాడుకునే చోట, ఆ పుస్తకం అందరి ముందూ చదివేవారు. ప్రతి సంగతి పక్కనా ఏం చేశారో, ఎవరు చేశారో, ఏ తేదీన చేశారో రాసి ఉండేది. చేయలేకపోతే ఎందుకు చేయలేదో కూడా రాసేవారు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఒకసారి బరువులు కట్టి ఎత్తించే కాంట్రాక్ట్ రిగ్గర్ ఒకతను, క్రేన్‌కి బరువు కట్టే స్లింగ్ తీగలు తెగి ఉన్నాయని ఎత్తుడు ఆపేశాడు. మొత్తం పని నాలుగు గంటలు ఆగింది. తీరా కొత్త స్లింగ్ వచ్చాక చూస్తే పాతది కూడా ఆ బరువు మోయగలిగేదేనని తేలింది. మర్నాడు పెద్దాయన ఆ రిగ్గర్‌ని ముందుకు పిలిచి, “నిన్న నువ్వు చేసింది సరైన పని, రేపు మళ్లీ అనుమానం వస్తే మళ్లీ ఆపు” అని అందరూ వింటుండగా చెప్పారు. నేను మెయింటెనెన్స్ నిజంగా నేర్చుకున్నది ఆ కంపెనీలోనే. ప్రశ్న అడిగితే తిట్టేవాళ్లు లేరు, అందుకే ట్రైనీలు అడిగేవాళ్లు, సీనియర్లు డ్రాయింగ్ పరిచి చూపించేవాళ్లు. జీతం పక్క కంపెనీ కంటే కొంచెం తక్కువే. అయినా మానేసి వెళ్లినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఉత్పత్తి పడిపోతుందని కంపెనీలవాళ్లు మీకు చెబుతారు. మా జిల్లాలో బాక్సైట్, అల్యూమినా పనులు ఉన్నాయి గనుక ఒక అల్యూమినియం కంపెనీ సంగతే చెబుతాను. 1987లో అమెరికాలోని ఆల్కోవాకు పాల్ ఓనీల్ అధిపతిగా వచ్చారు. పెట్టుబడిదారులతో మొదటి సమావేశంలో లాభాల ఊసెత్తకుండా కార్మికుల భద్రత గురించే మాట్లాడారు. వాటాలు అమ్మేసుకోండని కొందరు తమ ఖాతాదారులకు సలహా ఇచ్చారట. పైవాళ్లు పట్టించుకోకపోతే ఇంటికే ఫోన్ చేయమని ఆయన కార్మికులకు తన నంబర్ ఇచ్చారు. గాయాలు బాగా తగ్గాయి. 2000లో ఆయన పదవీ విరమణ చేసేనాటికి కంపెనీ ఏటి లాభం దాదాపు ఐదు రెట్లయింది. కిందివాడి మాట పైకి వెళ్లే దారి ఏర్పడితే, ప్రమాదం గురించే కాదు, వృథా గురించి, లోపాల గురించి కూడా అదే దారిలో మాటలు వస్తాయి. మా పుస్తకంలోనూ అలాగే జరిగింది. ఆవిరి లీకుల గురించి రాసినవాళ్లే ఎక్కువ.

అదే 1987లో మన దేశంలోనూ ఒక మంచి పని జరిగింది. భోపాల్ ఘోరం తర్వాత ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41-హెచ్ అనే సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన ప్రక్రియలున్న ఫ్యాక్టరీలో ముప్పు ముంచుకొస్తోందని అనిపిస్తే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పే హక్కు కార్మికుడికి అందులో ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ అలాంటి హక్కు ఉంది. మరి కాంట్రాక్ట్ మనిషి ఆ హక్కు వాడుకుంటే నెలాఖరుకి అతని గేట్ పాస్ సంగతేమిటి? నేను చూసిన ప్లాంట్లలో వేడి దగ్గర, ఎత్తు మీద, ట్యాంకు లోపల పనిచేసేవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్ట్‌వాళ్లే. దీపం వెలుగుతోందని ముందు చూసేదీ వాళ్లే.

అందుకే మీకు నా విన్నపం. మన రాష్ట్రంలో ప్రమాదం గురించి హెచ్చరించిన కాంట్రాక్ట్ కార్మికుడి పాస్‌ని ఆరు నెలల లోపు ఆపేస్తే, ఎందుకు ఆపారో కంపెనీయే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలని ఉత్తర్వు ఇవ్వండి. కాంట్రాక్టర్ మీదకు నెట్టేసే వీలు కంపెనీకి ఉండకూడదు. భద్రతా కమిటీల్లో కాంట్రాక్ట్‌వాళ్లకు కుర్చీ వేయండి. రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో హెచ్చరిక బోర్డులు ఒడియాతో పాటు తెలుగులోనూ, అడవి పల్లెలవాళ్లకు అర్థమయ్యే బొమ్మలతోనూ ఉండాలి. ఇంగ్లీషులో ‘డేంజర్’ అని రాసిన బోర్డు కింద కూర్చుని అన్నం తింటున్నవాళ్లను నేను చూశాను.

చట్టంలో లేదని మీ శాఖ అనవచ్చు. జంషెడ్‌పూర్‌లో టాటా వారి ఉక్కు కర్మాగారం 1912లోనే ఎనిమిది గంటల పనిదినం పెట్టింది. చట్టం దాన్ని దేశమంతటికీ తెచ్చింది 1948లో. మన పొరుగునే చట్టం కంటే ముప్పై ఆరేళ్ల ముందు ఒక కంపెనీ చేయగలిగినప్పుడు ఈ చిన్న ఉత్తర్వు మన రాష్ట్రానికి కష్టం కాదు.

ఇంకొక్క మాట. మా వీధి అమ్మాయి ఒకామె ట్రైనీ ఇంజినీర్‌గా చేరి ఏడాదికే మానేసింది. పని కష్టమని కాదు. ప్లాంటు లోపల ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. అడ్మిన్ బిల్డింగ్ దాకా పోయి రావడానికి ఇరవై నిమిషాలు. షిఫ్ట్ మొత్తం నీళ్లు తాగకుండా ఉండేది. చివరికి ఒంట్లో బాగోలేక వదిలేసింది. అడగొచ్చు కదమ్మా అంటే, “అడిగితే ఆడపిల్లల్ని తీసుకుంటే ఇదే గొడవ అంటారు బాబాయ్” అంది. ఆ పిల్ల భయం, ఆ హెల్పర్‌కి జరిగినదీ నాకు ఒకటిగానే కనబడతాయి.

కొత్త కంపెనీలు వస్తున్నాయి. భువనేశ్వర్ సదస్సుల్లో ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అని ప్రకటిస్తున్నారు. మా పిల్లలకు ఉద్యోగాలు రావాలని మేమూ కోరుకుంటున్నాం. భూమి, రాయితీలు ఇచ్చే ముందు, ఆ కంపెనీ పాత ప్లాంట్లలో హెచ్చరికల పుస్తకం ఉందా, అందులో ఏం రాశారు, దానికి ఏం చేశారు అని పరిశ్రమల శాఖ వారు కూడా చూసేలా మీరు చెప్పండి.

ఈసారి మీరు మా జిల్లాకి వచ్చినప్పుడు ఏదైనా ప్లాంట్ చూడడానికి వెళ్తే, మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ మారే వేళకు కాంట్రాక్ట్‌వాళ్ల గేటు దగ్గర కాసేపు నిలబడండి. మేనేజర్లు పక్కన లేకుండా పదిమందిని అడగండి: ‘ఈ నెలలో ఏదైనా పని ఆపమన్నావా? ఆపారా?’ తెలుగు, ఒడియా రెండూ వచ్చిన మనిషి కావాలంటే నేను సెలవు పెట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ ఫోర్‌మన్,
రాయగడ