బ్రహ్మంసాగర్ గట్టు మీంచి

ఒరేయ్ రమణా,

నీ బైనాక్యులర్ నా దగ్గరే ఉండిపోయిందని ఫోన్లో విసుక్కున్నావు కదా, ఇక దాని మీద ఆశ వదులుకో. మొన్న ఆదివారం దాన్ని మెడలో వేసుకుని బ్రహ్మంసాగర్‌కి పోయొచ్చాను. ఆ కథంతా ఫోన్లో మెసేజ్ పెడితే నువ్వో బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటావు. అందుకే ఉత్తరం.

అయిదింటికే మైదుకూరులో బండి తీశాను. జనవరి చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. బ్రహ్మంగారి మఠం దగ్గర రెండు టీలు తాగి కట్ట ఎక్కేసరికి తెల్లారుతోంది.

రేయ్, నీళ్ళు! ఎటు చూసినా నీళ్ళే. ట్యాంకర్ వస్తే బిందెలు పట్టుకుని పరిగెత్తిన వాళ్ళం కదా, ఆ నీళ్ళు చూస్తే కడుపు నిండిపోయింది. శ్రీశైలం వెనక నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలో పడి, బనకచర్ల, వెలుగోడు దాటుకుని రావాలి ఇక్కడికి. 17 టీఎంసీల పైచిలుకు పట్టే రిజర్వాయర్‌ను ఇంత నిండుగా చూడటం నాకిదే మొదలు.

పిట్టలు మాత్రం లేవు.

అసలు సంగతేంటంటే, ఉల్లంకి పిట్టల్లాంటి వాటికి లోతు నీళ్ళు పనికిరావు. బెత్తెడు నీళ్ళు, కింద మెత్తటి బురద ఉంటే ముక్కు గుచ్చి పురుగులు ఏరుకుంటాయి. నిండిన ఏడాది నీళ్ళు ఏకంగా కంపచెట్ల మొదళ్ళ దాకా వచ్చేస్తాయి, బురద అన్నదే ఉండదు. నడుంలోతు నీళ్ళలో ఒక తుమ్మచెట్టు, దాని మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ మూడు నీటికాకులు. గంటసేపు అవే. 'ఇంకో రెండు మీటర్లు తగ్గితే బాగుండు' అని పైకే అనేశాను. అన్నవెంటనే చుట్టూ చూసి చెంపలు వేసుకున్నా. సీమలో పుట్టినోడు అనాల్సిన మాటేనా అది! మా నాయన వినుంటే బైనాక్యులర్‌తో సహా నన్ను కాలువలోకి తోసేవాడు.

ఎనిమిది దాటాక అవతలి గట్టున బూడిదరంగు మచ్చలు కదిలాయి. పట్టెతల బాతులు! తెల్లటి తల వెనక రెండు నల్ల చారలు, ఎవరో కాటుక వేలితో గీసినట్టు. మూడుసార్లు లెక్కపెడితే మూడు లెక్కలొచ్చాయి, నలభై అని రాసుకున్నా. టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, హిమాలయాల మీదుగా 7 వేల మీటర్ల పైన కూడా ఎగిరి వచ్చే జాతి. నేను వాటిని చూసి మురిసిపోతుంటే గొర్రెల కాపరి ఒకాయన పక్కకొచ్చి నిలబడ్డాడు. "వాటిని సూడ్డానికొచ్చినావా సామీ? రాత్రయితే సెనగ చేలో దిగి మేస్తాండాయి" అన్నాడు. మురిపెం సగం దిగిపోయింది.

తిరుగుదారిలో అడ్డదారి పట్టాను, నా ఖర్మ. తుమ్మముల్లు దిగి వెనక టైరు తుస్సు. రేగు, చండ్ర, కలివి పొదల మధ్య మూడు కిలోమీటర్లు తోసుకుంటూ నడిచా. మధ్యలో ఊపిరి తీసుకుందామని ఆగితే, నాలుగడుగుల దూరంలో ఒక రాయి నన్ను చూస్తోంది. నిజంగా రాయే అనుకున్నా. ఎండుగడ్డి రంగు, మీద ముదురు గీతలు. అందులో ఒక పెద్ద పసుపుపచ్చ కన్ను, రెప్ప వేయకుండా. మోకాళ్ళు మడిచి నేలకు కరుచుకుపోయింది. గుండె గొంతులోకొచ్చింది. కలివి కోడేమో!

నీకు చెప్పాగా, మన లంకమల కొండల పిట్ట. 1848లో లోకానికి తెలిసి, 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదని వదిలేసిన పిట్ట. 1986 జనవరిలో సిద్దవటం వైపు రెడ్డిపల్లె దగ్గర పిట్టలు పట్టే ఐతన్న దాన్ని దొరకబట్టాకే, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ భరత్ భూషణ్ అది బతికే ఉందని చెప్పగలిగాడు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల్లోకే వచ్చింది. గొడవయ్యాక కాలువ దారి మార్చారులే. పొద్దున నేను కడుపు నిండా చూసుకున్న నీళ్ళూ ఆ తెలుగుగంగవే. ఏ పక్కన నిలబడాలో నాకు ఇప్పటికీ తేలదు.

రెండు నిమిషాలు పేపర్లో నా ఫోటో కూడా ఊహించుకున్నా. తర్వాత రొమ్ము మీద చూస్తే కలివి కోడికి ఉండే రెండు పట్టెలు లేవు. ఉత్త గీతలే. కలేడు పిట్ట! తాత చూపించేవాడు, గుర్తుందా? దాని కన్ను అంత దగ్గరగా చూడటం మాత్రం ఇదే. నేను బండి స్టాండు వేయగానే లేచి, దొంగోడిలా తల వంచుకుని పొదల్లోకి నడిచిపోయింది. ఎగరను కూడా ఎగరలేదు.

ఫిబ్రవరిలో రా. అప్పటికి నీళ్ళు పొలాలకు వదిలి కొంత తగ్గుతాయి, బురద తేలుతుంది, బాతులు ఇంకా ఉంటాయి. వేసవి దాకా ఆగావంటే అవి వెళ్ళిపోతాయి. పంక్చర్ సామాను నువ్వే తేవాలి, బైనాక్యులర్ నాది కాబట్టి.

నీ
శీను